చెవిటాయన గేటు

ఇరవై రోజులు

నాంచారమ్మను ఇవాళ గేటు వదల్లేదు.

ఇది కాగితం మీద రాస్తున్నాను. యంత్రంలో రాస్తే గేటు కూడా చదువుతుంది. ఎవరి మీద చాడీలు చెబుతున్నామో వాళ్ళ చెవిలోనే చెప్పేంత అమాయకురాలిని కాదు. పాత సరుకుల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉంటే ఇలా పనికొచ్చాయి.

పొద్దున అంతా బాగానే జరిగింది. ఎండకు ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే అద్దాల మీద ఉప్పు గోకి, నీళ్ళు పట్టి, పిల్లలందరూ గేటు దగ్గర వరసకట్టారు. సువార్తమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దారిలో తినమని నేను నా స్టీలు డబ్బాలో అన్నం, చింతపండు పులుసు పెట్టి ఇచ్చాను. నాంచారమ్మ నా కాళ్ళకు దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తానండి, వార్డెనమ్మగారూ" అంది. "క్షేమంగా వెళ్ళి లాభంగా రా తల్లీ" అన్నాను. మా అమ్మ అనేది, నేనూ అంటాను. తిరిగి చూసేసరికి గేటు మీద ఎర్ర దీపం. చీటీ బయటికొచ్చింది. "తిరిగి నేరం చేసే అవకాశం: ఎక్కువ. తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ హాజరు కావాలి."

నాంచారమ్మ ఏడవలేదు. మూట దించి చూసుకుంది. పులుసు కారి బట్టలన్నీ పాడయ్యాయి.

"ఈ డబ్బా కారుద్దండి. మూతకి వాషర్ లేదు" అంది. ఆ పిల్లకు దేన్ని చూసినా ముందు కారే చోటే కనపడుతుంది. మూడేళ్ళలో ఇక్కడి పంపులన్నీ విప్పి బిగించింది.

ఇంకో ఇరవై రోజుల్లో ఆమెకు పద్దెనిమిది నిండుతాయి. అప్పటికి గేటు దాటకపోతే చట్టం ప్రకారం రేవు జైలుకు, పెద్దవాళ్ళ మధ్యకు పంపేస్తారు. నాలుగేళ్ళు. కాలవల మీద తిరిగే పంపుల పడవవాళ్ళు ఆమెకు పని ఇస్తామని చోటు ఉంచారు. అదీ పోతుంది.

పద్దెనిమిది

గేటు గురించి రాయాలి. పోయినేడు దాకా, తప్పు చేసి ఈ నివాసానికి వచ్చిన ఆడపిల్లల్లో ఎవరిని ఇంటికి పంపాలో చూడడానికి ముగ్గురు పెద్దమనుషులు పడవలో వచ్చేవారు. సువార్తమ్మ చేసిన చేపల పులుసు తిని, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడి, సంతకాలు పెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు ఆ పని గేటు చేస్తుంది. పది అడుగుల లోపు ఎవరేం మాట్లాడినా వింటుంది. గడప దాటే ముందు నోటి నుంచి వచ్చే చివరి మాటే మనసులో మాట అని శాఖవారి నమ్మకం. ఆ మాటను తూచి, ఈ పిల్ల మళ్ళీ తప్పు చేసి వస్తుందో రాదో తేలుస్తుంది. పిల్లలు దానికి చెవిటాయన అని పేరు పెట్టారు.

చెవిటాయన వచ్చాక పదకొండు మంది వంతు వచ్చింది. ఏడుగురు వెళ్ళారు, నలుగురు ఆగిపోయారు. ఆగినవాళ్ళు ముగ్గురూ నాంచారమ్మా ఈ పదో లంకలోకల్లా నెమ్మదైన పిల్లలు. వెళ్ళినవాళ్ళలో ఝాన్సీ ఉంది. ఝాన్సీ దిండు కింద మూడుసార్లు చాకు దొరికింది.

కారణాలు కావాలంటే శాఖకు అర్జీ పెట్టాలి. మొదటి ముగ్గురికీ నేను పెట్టలేదు. పిల్లల్లోనే నాకు కనపడని లోపం ఏదో ఉండి ఉంటుందని ఊరుకున్నాను. ఇప్పుడది రాయడానికి సిగ్గేస్తోంది. నాంచారమ్మ కోసం మొన్ననే పెట్టాను.

ఆమె చేసింది చిన్న నేరమేం కాదు. వాళ్ళ వీధికి మంచినీళ్ళు ఆపేశారని, పద్నాలుగేళ్ళ వయసులో నీళ్ళ కంపెనీ గట్టుకు గండి కొట్టింది. కాపలా కాసే ఆయన ఆ గండిలో పడి కాలు పోగొట్టుకున్నాడు. ఆయనకు ఇక్కడి నుంచి అయిదు ఉత్తరాలు రాసింది. అయిదోదానికి జవాబు వచ్చింది. "నా కాలు ఎట్టాగూ రాదు. నువ్వన్నా దారిన పడు." ఆ కాగితం ఆమె పాఠం పుస్తకంలో ఉంది.

పదిహేను

అద్దాలు గోకుతుంటే పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. అందరిలోకి చిన్నది సునీల. పద్నాలుగేళ్ళు, నోట్లో నువ్వుగింజ నానదు. ఉండబట్టలేక అడిగేసింది.

"వార్డెనమ్మగారూ, ఈసారి నాంచారక్క వెళ్ళేప్పుడు మీరు గేటుకాడికి రాకండి."

"ఎందుకే?"

"మీరు ఎదురొచ్చినోళ్ళే ఆగిపోతన్నారండి. ఝాన్సక్క వెళ్ళినప్పుడు మీరు జొరంతో పడుకున్నారు. ఇంకో ఇద్దరు వెళ్ళినప్పుడు మీటింగుకని ఊరెళ్ళారు. లెక్క చూసుకోండి."

మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఎవరి ఇంట్లోనైనా ప్రయాణం ఉంటే నేనే పక్కకు తప్పుకుని నిలబడడం అలవాటే. కానీ ఇక్కడ, నేను అన్నం పెట్టిన పిల్లల దగ్గర, ఈ మాట వినాల్సి వస్తుందని అనుకోలేదు. సువార్తమ్మ గరిటె పట్టుకుని సునీల వెంటపడింది. నేను గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని లెక్క చూశాను.

సునీల చెప్పింది నిజమే. వెళ్ళిన ఏడుగురిలో ఒక్కరిని కూడా నేను సాగనంపలేదు. ఆగిన నలుగురినీ నేనే సాగనంపాను.

పదకొండు

ఇవాళ నేను గేటు దగ్గరికి వెళ్ళలేదు. వంటింటి కిటికీ వెనక నిలబడ్డాను. నమ్మకం లేదు, కానీ నాలుగేళ్ళ జైలు మీద పందెం కాయడానికి నాకేం హక్కుంది?

సువార్తమ్మ దగ్గరుండి సాగనంపింది. నాంచారమ్మ ఆమెకు దణ్ణం పెట్టింది. ఆ పిల్ల ఏదో అంది, సువార్తమ్మ ఏదో అంది. ఎర్ర దీపం.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ దీపం చూడగానే ముందు నా గుండె తేలికపడింది. దోషం నాది కాదు అనుకున్నాను. ఆ వెంటనే నాంచారమ్మ మూట ఎత్తుకుని వెనక్కి నడిచి రావడం కనిపించింది. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

"పైపు వదిలి పంపుని తంతన్నామేమోనండి" అంది నాంచారమ్మ, నా పక్కన కూచుని ఉల్లిపాయలు ఒలుస్తూ. "మీరొచ్చినా ఆగింది, రాకపోయినా ఆగింది. కారేది ఇంకోచోట."

ఇంకొక్క అవకాశమే మిగిలింది. పుట్టినరోజుకు రెండు రోజుల ముందు.

తొమ్మిది

అర్జీకి జవాబు వచ్చింది. నేను నాంచారమ్మకే పెట్టినా, ఆగిన నలుగురివీ కలిపి పంపారు. అన్నిటిలోనూ దాదాపు ఒకే మాట. నాంచారమ్మ మొదటిసారిది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"నివాసి ప్రకటించిన ఉద్దేశం: వెళ్ళి, తిరిగి వస్తాను. సంరక్షకురాలి అంచనా: తిరిగి వస్తుంది. అదనపు గమనిక: లాభంతో తిరిగి రమ్మని సంరక్షకురాలు నివాసిని ఆదేశించినట్టుంది. నేరానికి ప్రోత్సాహం కావచ్చు. పరిశీలించవలెను."

మూడుసార్లు చదివాను. నేనేదో ముఠా నడుపుతున్నానని గేటు అనుకుంటోంది. సువార్తమ్మకు చదివి వినిపిస్తే ఆమె కుర్చీలో కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నలుగురు పిల్లలు మర్యాదగా మాట్లాడినందుకు ఆగిపోయారు. ఆ మర్యాద నేర్పింది నేనే. ఇది జైలు కాదమ్మా, ఇల్లు, ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలి అని వచ్చిన మొదటి రోజే ప్రతి పిల్లకూ చెబుతాను.

మరి ఝాన్సీ ఎలా వెళ్ళిందో కూడా ఇప్పుడు తెలిసింది. "ఈ కొంప మొహం చస్తే మళ్ళీ చూడను" అని గేటును తన్ని మరీ వెళ్ళింది. చెవిటాయన తక్షణం పచ్చ దీపం వెలిగించాడు. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు వెక్కిళ్ళు పెట్టి ఏడ్చి మాటే రాక వెళ్ళారు. తక్కిన నలుగురూ, చెప్పడానికి నేను ఎదురుగా లేక, చెప్పకుండా వెళ్ళారు. నేను లేకపోవడమే వాళ్ళకు కలిసొచ్చింది.

ఎనిమిది

శాఖకు ఫోన్ చేశాను. శ్రీకరం అనే అధికారి దొరికాడు. కొండమీద పట్నంలో ఉంటాడట. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"వెళ్ళొస్తాను అంటే వస్తానని కాదండీ. అది సెలవు తీసుకోవడం. వెళ్తాను అని ఊరికే అంటే అపశకునం" అన్నాను.

"అర్థమైంది మేడమ్. కానీ పదాల్లో వస్తాను అని ఉందిగా. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి, రెండు పనులు. గేటు విన్నది కరెక్టే."

"మీ ఇంట్లో అనరా బాబూ?"

"మా అమ్మగారు అంటారు మేడమ్. కానీ ఆవిడ నేరస్తురాలు కాదు కదా."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుడు పడటం లేదా అని అడిగాడట. నాకు అదే గుర్తొచ్చింది. పిల్లలు ఆ గేటుకు పేరు సరిగ్గానే పెట్టారు. ఒక్క మనిషి వచ్చి చూస్తే చాలని బతిమాలాను. మనుషుల్ని పంపే పద్ధతి ఇప్పుడు లేదన్నాడు. మాటల పట్టికను వచ్చే వానాకాలంలో సవరిస్తారట, అప్పుడు నా విన్నపం కూడా చూస్తారట. "సరే మేడమ్, ఉంటాను మరి" అని పెట్టేశాడు.

రెండు నిమిషాలు ఆలోచించి మళ్ళీ చేశాను.

"ఉంటాను అన్నారుగా. మరి ఉండకుండా పెట్టేశారేం?"

"అది వేరు మేడమ్" అన్నాడు. గొంతులో కొంచెం సిగ్గు వినిపించింది. ఆ సిగ్గుతో గేటు తెరుచుకోదు.

అయిదు

మూడు రోజులుగా సాధన చేస్తున్నాం. అద్దాల వరస చివర, గేటు చెవికి ఆనని చోట, ఒక కర్ర పాతి అదే గేటు అనుకుంటున్నాం. నాంచారమ్మ మూటతో వస్తుంది. నేను ఎదురుగా నిలబడతాను. ఆమె "వెళ్తున్నాను" అనాలి. అంతే.

మొదటి రోజు పన్నెండుసార్లలో తొమ్మిదిసార్లు "వెళ్ళొస్తా" అనే వచ్చింది. సగంలో నాలుక కరుచుకుంది. రెండో రోజు కాస్త నయం. అయితే ఆమె సరిగ్గా అన్నప్పుడు నా నోటి నుంచి "వెళ్ళిరా" అని జారింది. గేటు నన్ను కూడా తూస్తుందని మర్చిపోతాను. యాభై మూడేళ్ళ నాలుకకు ఇప్పుడు కొత్త పాఠం ఎక్కడ ఎక్కుతుంది.

ఇవాళ విసుగొచ్చి నాంచారమ్మ గట్టిగా "పోతన్నానండి!" అంది. పిల్లలందరూ ఒక్కసారి ఆగిపోయారు. సువార్తమ్మ పరిగెత్తుకొచ్చి ఆమె నోరు మూసింది.

"పాడు నోరు. ఏం మాటే అది? మంగళారం పూట."

"మరి ఏమనమంటావమ్మా? వస్తానంటే జైలు, పోతానంటే చావు" అంది నాంచారమ్మ. అప్పుడు ఏడ్చింది, మూడేళ్ళలో మొదటిసారి. ఆ పిల్ల ఏడవడం చూడలేకపోయాను. వెళ్ళి ఒళ్ళోకి తీసుకున్నాను. ఎముకలు పెద్దవి, ఒళ్ళో పట్టే పిల్ల కాదు. అలాగే కూర్చున్నాం.

సువార్తమ్మ మెల్లగా అంది. "ఏమీ అనకుండా వెళ్ళొచ్చు కదమ్మా. చావింటికి ఎల్లినోళ్ళం చెప్పి వస్తామా? లేచి వచ్చేత్తాం. ఎనక్కి కూడా చూడం."

నాకు కోపం వచ్చింది. "ఇదేమన్నా చావిల్లా సువార్తమ్మా?"

"కాదండి. మీకూ నాకూ కాదు. ఆ గేటుకి మాత్రం ఇది మళ్ళీ రాకూడని కొంపేగా. దాని లెక్కలో అది నడుస్తాంది."

గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయాను. పన్నెండేళ్ళుగా ఇది ఇల్లే అని పిల్లలకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు నా చేత్తోనే ఒక పిల్లను చావింటి నుంచి పంపినట్టు పంపాలి. సువార్తమ్మ చెప్పింది తప్పని తేల్చడానికి సాయంత్రం దాకా వెతికాను. దొరకలేదు.

రెండు

నాంచారమ్మ వెళ్ళింది.

అన్నీ ముందే చెప్పుకున్నాం. నిన్న సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి, చెప్పాల్సిన మాటలన్నీ వంటింట్లోనే చెప్పేసుకోమన్నాను. ఒక్కొక్కరూ వచ్చి ఆమె చెవిలో చెప్పారు. సునీల చాలాసేపు చెప్పింది. నా వంతు వచ్చేసరికి నాకేమీ తోచలేదు. అన్నం వేళకు తిను అన్నాను.

పొద్దున డబ్బాలో పులిహోర పెట్టాను. పులుసైతే కారుతుంది. మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన డబ్బా అది. మూత మీద చుక్కచుక్కగా నా పేరు కొట్టించింది. గేటుకు పది అడుగుల గీత ముందు ఆగి డబ్బా చేతికిస్తూ, మూత మీద వేలు పెట్టి చూపించాను. నాంచారమ్మ ఒక్కో అక్షరం పెదాలతో చదువుకుంది. సుభాషిణి. మూడేళ్ళుగా నేను ఆమెకు వార్డెనమ్మగారినే. పేరు ఇప్పుడే తెలిసినట్టుంది.

గీత దాటింది. దణ్ణం పెట్టలేదు, నాతో ఏమీ అనలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. గేటు ముందు ఆమె ఆగింది. చెవిటాయన వింటున్నాడు. ఇరవై మందిమి ఊపిరి బిగబట్టి ఉన్నాం, వెనక నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె వీపు ఒకసారి కదిలింది. అలవాటుగా వెనక్కి తిరగబోయింది, అంతలోనే సర్దుకుంది.

పచ్చ దీపం.

ఆమె వెనక్కి చూడకుండా పడవ ఎక్కింది. గేటు మూసుకుంది. అప్పుడు గేటుకు వినపడకుండా వంటింటి దాకా పరిగెత్తి, "క్షేమంగా వెళ్ళి లాభంగా రా" అని గోడకు చెప్పాను. పొయ్యి మీద పప్పు మాడుతుంటే సువార్తమ్మ దించింది.

లెక్కపెట్టాల్సిన రోజులు లేవు

మిగిలిన ముగ్గురు పిల్లలూ అలాగే, నోరు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన వారానికి శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. పదో లంక నివాసం చూపిన మంచి ఫలితాల దృష్ట్యా ఇకపై అన్ని నివాసాల్లోనూ వీడ్కోలు సమయంలో ఎవరూ మాట్లాడరాదట. మాటల పట్టిక సవరణ ఊసే లేదు. కింద శ్రీకరం సంతకం. పక్కన చేత్తో చిన్నగా రాశాడు, "మా అమ్మగారికి చెప్పాను మేడమ్. నవ్వారు."

ఉత్తర్వును వంటింట్లో అతికించాను. వానాకాలం దాకా అర్జీలు పెడుతూనే ఉంటాను. నెలకొకటి.

రెండో నెల

ఇవాళ సరుకుల పడవ వచ్చింది. సరుకులు దింపే రేవు లంకకు వెనక వైపు. దానికి చెవులు లేవు. పడవ నడిపే ఏడుకొండలు బియ్యం బస్తాలు దించి, చివర్న గోనెపట్టాలో చుట్టినదొకటి నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. విప్పితే నా డబ్బా.

"పంపుల పడవ ఎదురైందండి, మూడో లాకుల కాడ. ఆ పిల్ల ఇచ్చింది."

"ఏమైనా చెప్పమందా?"

"ఏం చెప్పొద్దందండి. ఇచ్చేసి రమ్మంది."

డబ్బా అటూఇటూ ఊపాను. లోపల ఏదో కదిలింది, కానీ గోనెపట్టా పొడిగా ఉంది. మూత తియ్యడానికి సువార్తమ్మా నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. మూత లోపలి అంచున నల్లటి రబ్బరు వాషర్ ఉంది. పాత ట్యూబు నుంచి గుండ్రంగా కోసి, చుట్టూ నొక్కి పెట్టింది. ఒక్క చోట కూడా ఎగుడుదిగుడు లేదు. డబ్బా నిండా నీళ్ళు.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. కాలవ నీళ్ళు. చేదు లేదు, ఉప్పు లేదు. కొంచెం ఒండ్రుమట్టి వాసన ఉంది.

"ఎక్కడ కొట్టేసిందండీ?" అంది సునీల.

"నోర్ముయ్యి" అన్నాడు ఏడుకొండలు. "పనోళ్ళకి రోజూ ఓ గ్లాసు మంచినీళ్ళిత్తారు. దాని వాటాలోది ఆరు రోజులు దాచింది. నేను చూశాను."

ఒక్క గండి కొట్టి ఇక్కడికి వచ్చిన పిల్ల. నేను డబ్బా పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పిల్లలు చూస్తున్నా దాచుకోలేదు. తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి గరిటెతో తలా కొంచెం పోశాం. సునీల తన వంతు నోట్లోనే ఉంచుకుని చాలాసేపు మాట్లాడలేదు. దాని జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు.

ఏడుకొండలు పడవ విప్పుతున్నాడు. ఆగమన్నాను. ఎవరైనా ఏదైనా పెట్టి పంపిన డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదు. కడిగి, తుడిచి, సువార్తమ్మ పొయ్యి మీద ఉన్నది నిండా పోసి మూత బిగించాను.

ఈసారి చింతపండు పులుసే పంపాను.